పట్టేసిన సైలెన్సర్ బోల్టు: ఆయిలా, వేడా, కోతా?

టిక్‌మని చిన్న శబ్దం. చేతిలో రాడ్ ఒక్కసారిగా తేలికైపోయింది. నట్టు వదిలిందనుకుని క్షణంపాటు సంతోషించాను. సాకెట్ బయటికి తీసి చూస్తే లోపల నట్టుతోపాటు స్టడ్ (తల లేకుండా రెండు కొసలా మరలుండే బోల్టు) ముక్క కూడా ఉంది. మిగతా సగం ఇంజిన్ హెడ్‌లోనే ఉండిపోయింది. విరిగినచోట లోహం కొత్తదానిలా మెరుస్తోంది, దాని చుట్టూ మాత్రం ముదురు గోధుమరంగు తుప్పు. ఒక పూటలో అయిపోతుందనుకున్న పనికి నాలుగు రోజులు పట్టింది.

ఆ రోజు నుంచి తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టు కనబడితే, ఏ సామాను తీయాలా అని ఆలోచించే ముందు ఒక్కటే చూసుకుంటున్నాను. ఇది విరిగితే ఏమవుతుంది? కారు కింద రెండు పైపులను కలిపే ఫ్లాంజ్‌లో బోల్టు ఈ పక్క నుంచి ఆ పక్కకు దూరి నట్టుతో బిగి ఉంటుంది. అది విరిగితే మంచిదే, కొత్తది వేస్తాం. క్లాంపులదీ అదే సంగతి. కానీ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే పైపుల గుత్తి) దగ్గర, ఆ పొగతో తిరిగే టర్బో దగ్గర స్టడ్ ఒక కొస హెడ్‌లోనో టర్బో ఒంట్లోనో దిగి ఉంటుంది. అది విరిగితే అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఏ పద్ధతి మేలన్నది ఈ తేడాను బట్టే తేల్చుకోవాలి.

సైలెన్సర్ బోల్టులే ఇంతగా ఎందుకు మొండికేస్తాయంటే, మిగతా బోల్టులు పడని కష్టాలు ఇవి పడతాయి. రోజూ బాగా కాలి చల్లారుతాయి. రోడ్డు మీది నీళ్లు తగులుతూనే ఉంటాయి. కాపాడాల్సిన నూనె పొర ఎప్పుడో మాడిపోయి ఉంటుంది. పైగా తుప్పు తాను తినేసిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బోల్టు మరలకూ నట్టు మరలకూ మధ్య ఉన్న కాస్త సందులో అది ఉబ్బి, మేకు కొట్టినట్టు బిగుసుకుపోతుంది.

అందరూ ముందు ఆయిల్ డబ్బా అందుకుంటారు. తప్పేం లేదు. ఖర్చు తక్కువ, దేన్నీ పాడుచేయదు. కాకపోతే చాలామంది చేతిలో ఉండేది డబ్ల్యూడీ-40. 1953లో తయారైన ఈ ద్రవం పేరులోనే దాని పని ఉంది: ‘వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్’, అంటే నీటిని తరిమేయడం. తుప్పులోకి ఇంకడానికని విడిగా పెనెట్రేటింగ్ ఆయిల్స్ ఉన్నాయి, ఆ కంపెనీయే అలాంటిది వేరేగా అమ్ముతుంది. ఏది కొట్టినా ముందు వైర్ బ్రష్‌తో మరల మీది మట్టి, పొక్కులు రాల్చాలి. రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి కొట్టి, నట్టు మీద చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే నూనెకు దారి దొరుకుతుంది. కొట్టిన ఐదు నిమిషాలకే రాడ్ ఎత్తితే కొట్టనట్టే లెక్క. నా అనుభవంలో ఏళ్ల తరబడి కాలిన సైలెన్సర్ నట్టును ఆయిల్ ఒక్కటే వదిలించింది చాలా తక్కువ. ఆ సందు తుప్పుతో నిండిపోయాక నూనెకు వెళ్లే చోటే ఉండదు.

ఆ చోటు కల్పించేది వేడి. ఉక్కును వేడి చేస్తే ప్రతి డిగ్రీకీ మీటరుకు సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. 10 మిల్లీమీటర్ల నట్టును 600 డిగ్రీలు వేడెక్కిస్తే దాని రంధ్రం 0.07 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. వినడానికి ఏమంత కాదు, కానీ తుప్పు పొర పగలడానికి అది చాలు. కిటుకల్లా నట్టును వేడిచేయడం, స్టడ్‌ను కాదు. రెండూ సమానంగా వేడెక్కితే రెండూ కలిసే సాగుతాయి, లాభం పోతుంది. అందుకే సన్నని మంటతో త్వరగా ఎర్రబడేలా చేయాలి. మామూలు గ్యాస్ టార్చ్ చిన్న నట్లకు సరిపోతుంది కానీ దళసరి ఫ్లాంజ్ ఆ వేడినంతా లాగేసుకుంటుంది. ఆక్సీ ఎసిటిలీన్ అయితే పని క్షణాల్లో అవుతుంది. మంట లేకుండా తీగచుట్టతో నట్టును మాత్రమే ఎర్రబరిచే ఇండక్షన్ హీటర్ దొరికితే ఇక ఆలోచించక్కర్లేదు. కాస్త చల్లారాక, ఇంకా వేడిగా ఉండగానే కొవ్వొత్తి ముక్క మరలకు తాకిస్తే మైనం కరిగి లోపలికి పాకిపోతుంది. నాకు ఆయిల్ కంటే ఇదే ఎక్కువసార్లు పనిచేసింది.

వేడికి ఉన్న చిక్కు ప్రమాదమే. పక్కనే పెట్రోల్ పైపు, బ్రేక్ పైపు, వేలాడే రబ్బర్లు ఉంటాయి. ఆయిల్ కొట్టినచోట దాన్ని శుభ్రంగా తుడవకుండా మంట పెట్టకూడదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడినచోటయితే అసలు మంట దగ్గరికే తేవద్దు, అది కాలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. హెడ్ అల్యూమినియందైతే ఇంకో జాగ్రత్త: ఆ లోహం ఉక్కులా ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీలు కూడా దాటక ముందే ఉన్నట్టుండి జారిపోతుంది. మంటను నట్టు మీదే నిలపాలి.

ఇక బలం. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టును మామూలుగా బిగించేది సుమారు 25 న్యూటన్ మీటర్లకు. 60 సెంటీమీటర్ల రాడ్ చివర 20 కిలోల బరువుతో నొక్కితే పడేది దాదాపు 120. నేను స్టడ్ విరిచింది ఇలాగే, పైపు తొడిగి మరీ. ఇంపాక్ట్ గన్ దెబ్బదెబ్బగా తిప్పుతుంది కాబట్టి తుప్పును అదరగొడుతుంది, ఒకే పట్టున మెలితిప్పడం కంటే నయం. అయినా స్టడ్ దగ్గర నేను చేతినే నమ్ముతాను. నట్టు వదులుతుంటే కిర్రుమంటుంది, చేతికి గరుకుగా తెలుస్తుంది. స్టడ్ మెలిపడుతుంటే శబ్దం ఉండదు, రాడ్ రబ్బరులా మెత్తగా వస్తుంది. ఆ మెత్తదనం తగిలిందో, వెంటనే ఆగాలి. కాస్త బిగించి, కాస్త వదిలి, మళ్లీ వేడిపెట్టాలి. గన్ ఈ తేడా చెప్పదు. ఏదైనా సరే ఆరు మూలల సాకెట్టే వాడాలి. పన్నెండు మూలలది తుప్పు తిన్న నట్టును గుండ్రంగా అరగదీస్తుంది.

కోయడాన్ని చాలామంది ఓటమిగా చూస్తారు, ఆఖరి దాకా వాయిదా వేస్తారు. ఫ్లాంజ్ బోల్టుల విషయంలో నేను దాన్నే మొదట పెడతాను. పాత బోల్టులు ఎలాగూ పారేసేవే. వాటి కోసం పూట వృథా చేసే బదులు గ్రైండర్‌కు పలచని డిస్క్ వేసి తల ఎగరగొడితే రెండు నిమిషాల పని. కళ్లద్దాలు పెట్టుకుని, రవ్వలు ట్యాంకు వైపు వెళ్లకుండా చూసుకుంటే చాలు. గ్రైండర్ దూరని సందులో హాక్సా బ్లేడు ఉంది. స్టడ్ మీది నట్టును కూడా కోయవచ్చు, కానీ అడ్డంగా కాదు. ఒక పక్క నిలువునా మరలను తాకకుండా కోసి, ఉలితో విప్పితే నట్టు చీలిపోతుంది, స్టడ్ దక్కుతుంది. నట్ స్ప్లిటర్ చేసేదీ ఇదే.

స్టడ్ విరిగిపోతే? రంధ్రం వేసి ఎక్స్‌ట్రాక్టర్ (విరిగిన ముక్కను లోపలి నుంచి పట్టి తిప్పి తీసే పనిముట్టు) దించడం కంటే, కొస కాస్తయినా బయట ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డ్ చేయించడమే మేలు. పట్టూ దొరుకుతుంది, వేడీ తగులుతుంది. నాది చివరికి అలాగే వచ్చింది. ఎక్స్‌ట్రాక్టర్ గట్టిదే కానీ పెళుసు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాన్ని గీరను కూడా గీరలేదు.

తిరిగి బిగించేటప్పుడు కొత్త బోల్టులు, కొత్త గ్యాస్కెట్, దొరికితే ఇత్తడి నట్లో రాగిపూత నట్లో వేస్తాను. అవి ఉక్కు స్టడ్‌కు అంత తొందరగా అతుక్కోవు. మరలకు వేడి తట్టుకునే యాంటీ సీజ్ (బిగుసుకుపోకుండా రాసే ముద్ద) పలచగా రాస్తాను. అది రాస్తే మరలు నున్నగా తిరుగుతాయి కాబట్టి అదే బలానికి బిగువు ఎక్కువ పడుతుంది, చేయి కాస్త తగ్గించుకోవాలి. బండి రెండు మూడుసార్లు వేడెక్కి పూర్తిగా చల్లారాక, కిందికి దూరి ప్రతి నట్టునూ మరోసారి పట్టి చూస్తాను.