అంటు మామిడి అని నమ్మి ఆన్‌లైన్‌లో మొక్కలు కొంటున్నారా? ముందు ఆ కట్టు విప్పి చూడండి

పేరు రాయను. రాయకపోయినా మీలో సగం మందికి తెలుసు. పొద్దున్నే లైవ్ పెట్టి, ఒక చేత్తో మొక్క పైకెత్తి, "అక్కా, మీ పెరట్లో ఇమాం పసంద్ వద్దా అక్కా" అని గొంతు చించుకుంటా ఉంటాడే, ఆయప్పే. ఆ లైవ్ కింద దండాల బొమ్మలు, పూల బొమ్మలు పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నా. పోయి చూసుకోండి, ఇంకా ఉంటాయి. నా ఫిర్యాదు తీసేసినాడు గానీ నా దండాలు మాత్రం భద్రంగా దాచుకున్నాడు.

విషయం క్లుప్తంగా చెప్తా, ఒళ్లు మండిపోతా ఉంది. చిత్తూరు బయట ఇల్లు కట్టుకున్నాం. వెనకాల కొంచెం స్థలం మిగిలింది. పిల్లలకు సెలవులు, ఎటూ పోలేని కత్తెర ఎండలు, ఆ ఖాళీలో మామిడి పెడదామనుకున్నాం. మే నెలలో గుంతలు తీసి ఎండకు వదిలేస్తే మట్టిలో పురుగూ పుట్రా చచ్చిపోతాయి, జూన్, జూలై వానలకు మొక్క పెట్టుకోవచ్చు. మూడడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. ఈ గట్టి నేలలో అన్ని గుంతలు తవ్వేదానికి కూలి ఎంతవుతుందో మీకు చెప్పే పనిలేదు. పశువుల ఎరువు కూడా ఒక ట్రాక్టరు తోలించుకున్నాం.

ఆ లైవ్ ఆయప్ప దగ్గరే ఆర్డరు పెట్టినా: బేనీషా (అదే, బంగినపల్లి) నాలుగు, ఇమాం పసంద్ రెండు, కాలేపాడు రెండు, ఆమ్రపాలి రెండు. ఆమ్రపాలి ఎందుకంటే చెట్టు పొట్టిగానే ఉంటుంది, ఇంటి పక్కన గోడకు ఇబ్బంది ఉండదు. పైగా దశేరికీ నీలానికీ కలిపి పుట్టించిన రకం, నీలం మన దక్షిణాదిదే కదా అని ఒక అభిమానం. మొక్క 480, ట్రాన్స్‌పోర్టు 900, మొత్తం 5,700 రూపాయలు, ముందే కట్టాల. కట్టేసినా. "కడియం మాల్ అక్కా, గోదావరి మట్టిలో పెరిగినవి, కళ్లు మూసుకుని పెట్టుకోండి" అన్నాడు. కళ్లు మూసుకోమన్నప్పుడే తెరుచుకోవాల్సింది. కడియంలో తరతరాలుగా మొక్కలు పెంచుకుని బతికే రైతులున్నారు, ఇట్లాంటోళ్లు వాళ్ల పేరు కూడా చెడగొడతారు.

మామిడి జిల్లాలో కాపురం పెట్టుకుని మామిడి మొక్కకు ఫోన్‌లో ఆర్డరా అని మీరు అడిగే లోపలే మా మామగారు అడిగేసినారు. దామలచెరువు మండీకి ఏళ్ల తరబడి తోతాపురి తోలిన మనిషి ఆయన.

మొక్కలు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వచ్చినాయి. కవర్లు ఎత్తితే దూదిలాగా తేలిక, లోపలంతా కొబ్బరి పొట్టే. గోదావరి మట్టి ఏ దారిలో రాలిపోయిందో. సరే పోనీలే అనుకున్నా. ఆకులు వాడిపోయినా ఒకటి రెండు పూటలు నీళ్లు పెట్టి నీడలో ఉంచితే లేచినాయి. ప్రతి మొక్కకూ మట్టి నుంచి జానెడు పైన పచ్చ పాలిథిన్ పట్టీ చుట్టి ఉంది, చూడ్డానికి చక్కగా అంటు కట్టినట్టే ఉంది. అంటు కట్టడమంటే నాటు మొక్క కాండం మీద మంచి రకం చెట్టు కొమ్మను అతికించి కట్టు కట్టడం.

మామగారు వచ్చి చూసి, "కట్టు ఇంకా విప్పలేదేందమ్మా? అంటు అతుక్కున్నాక ఆ కవరు తీసెయ్యాల, లేకుంటే కాండం లావయ్యే కొద్దీ అదే కోసేస్తుంది" అన్నారు. బ్లేడు తెప్పించుకుని, నేల మీద కూర్చుని, బేనీషా అని చీటీ కట్టిన మొక్కను ఒళ్లో పెట్టుకుని మెల్లగా విప్పినారు. విప్పి, వేలితో పైనుంచి కిందికి తడిమి చూసినారు. మళ్లీ తడిమినారు. "ఇదేందిది?" అన్నారు.

అంటు కట్టిన చోట ఒక ఏటవాలు గీత ఉంటుంది, కొంచెం బుడిపె లాగా ఉబ్బి ఉంటుంది. కింది బెరడు ఒక తీరు, పై బెరడు ఇంకో తీరు. ఇక్కడ ఏమీ లేదు. వేరు నుంచి చిగురు దాకా ఒకటే నున్నని పుల్ల. పట్టీ బిగించిన చోట మాత్రం పాలిపోయిన గుర్తు, అంతే. టెంక నాటి, మొలిచినాక దానికి పచ్చ కవరు చుట్టినారు. అంతకు మించి ఏ కష్టమూ పడలేదు మహానుభావులు.

వరసగా అన్నీ విప్పినాం. పదింట్లో ఏడు అట్లాంటివే. ఇంకో రెండింటికి అంటు నిజంగానే కట్టినారు, కానీ పైన కట్టిన కొమ్మ ఎప్పుడో ఎండిపోయింది. ఆ ఎండు మోడు పట్టీ లోపల దాక్కుని ఉంది, మనకు పచ్చగా కనిపించే కొమ్మ అతుకు కింద నుంచి వచ్చిన నాటు కొమ్మ. ఒక్కటంటే ఒక్కటి అసలైన అంటు. అది ఏ రకమో ఆ దేవుడికే తెలియాల, చీటీ మీద మాత్రం కాలేపాడు అని ఉంది. మామగారు ఇమాం పసంద్ చీటీ ఉన్న మొక్క ఆకు ఒకటి తుంచి నలిపి వాసన చూసి, నా చేతిలో పెట్టి, "నాటు మామిడమ్మా" అన్నారు.

ఫోన్ చేసినా. స్పీకర్ పెట్టే చేసినా. ఇంతకాలం అక్కా అక్కా అన్నోడికి, విషయం చెప్పగానే మేడం అయిపోయినా.

"కట్టు ఎవరు విప్పమన్నారు మేడం మిమ్మల్ని? కట్టు విప్పితే మా గ్యారంటీ ఉండదు."

మొక్కకు కట్టు విప్పితే గ్యారంటీ పోవడం ఏందో! ఆ లెక్కన మొక్క చచ్చేదాకా కట్టు ఉంచుకోవాల, అది చచ్చినాక మనం నోరు మూసుకోవాల. టెంక మొక్కలు ఎట్లా పంపుతావయ్యా అంటే ఇంకో జవాబు చెప్పినాడు: "టెంక అయితే ఏమైంది మేడం, బేనీషా టెంకలోంచి బేనీషా కాక బొప్పాయి వస్తుందా?"

మీలో కూడా ఎవరైనా ఇదే అనుకుంటుంటే వినండి. బేనీషా టెంకలోంచి బేనీషా రాదు. అటు పడమటి తీరంలో, కేరళ వైపు, ఒలూర్ లాంటి కొన్ని రకాలుంటాయి. వాటి టెంక ఒక్కటి నాటితే నాలుగైదు మొలకలు లేస్తాయి, వాటిల్లో ఎక్కువ భాగం తల్లి గుణంతోనే ఉంటాయి. మన బేనీషా టెంకలో మొలక ఒక్కటే. ఆ పూతకు ఏ చెట్టు పుప్పొడి తగిలిందో ఎవరికీ తెలియదు, కాబట్టి కాయ పులుపో, పీచో, చప్పనో ఏదైనా కావచ్చు. అందుకే కదా అంటు కట్టేది. అంటు మొక్క మూడు నాలుగేళ్లకు కాపు మొదలుపెడుతుంది, టెంక మొక్కకు ఆరేడేళ్లు దాటినా దాటొచ్చు. నర్సరీ నడిపేవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను.

ఇంత చెప్తే, అటు నుంచి నవ్వినాడు. పక్కన ఇంకెవడో కూడా నవ్వినాడు. "సరే మేడం, కాయ కాసినాక ఫోన్ చెయ్యండి. అప్పుడు బేనీషా కాకుంటే డబ్బులు వాపసిస్తా." పెట్టేసినాడు.

5,700 పోయినందుకు కాదు, ఆ నవ్వుకు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మామగారు మాత్రం, "ఆరేళ్లకు నేనుంటానో లేదో కూడా వాణ్ణే కనుక్కోమ్మా, జ్యోతిష్యం బాగా తెలిసినట్టుంది" అన్నారు.

మళ్లీ చేస్తే ఎత్తలేదు. సాయంత్రానికి నన్ను బ్లాక్ చేసినాడు. విప్పిన కాండాల ఫోటోలు లైవ్ కింద పెడితే నిమిషాల్లో మాయం. యాప్ వాళ్లను అడిగితే, మీరు డబ్బు నేరుగా ఆయన నంబరుకు కట్టినారు, మాకు సంబంధం లేదు అన్నారు. నర్సరీ రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే మొదట్లో "పంపిస్తా అక్కా" అన్నాడు, అది ఇప్పటికీ దారిలోనే ఉంది. పండ్ల మొక్కల నర్సరీలకు రిజిస్ట్రేషన్ ఉండాలని మన రాష్ట్రంలో 2010లోనే చట్టం చేసినారు. కొనేముందు ఆ నంబరు చేతికొచ్చేదాకా పైసా కట్టొద్దు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించినా. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా పోతా, ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదంట.

ఇంక జాగ్రత్తలంటారా, ఏముంది, పోయి కళ్లతో చూసి కొనండి. అతుకు కనపడాల, చిగురు అతుకు పైనుంచి రావాల. పట్టీ ఉంటే అక్కడే విప్పి చూపించమనండి, కుదరదంటే వచ్చేయండి. బిల్లు మీద రకం పేరు రాయించుకోండి. ఉద్యాన శాఖ ఆఫీసులో అడిగితే మీ దగ్గర్లో లైసెన్సు ఉన్న నర్సరీలు ఏవో చెప్తారు.

ఆ ఏడు మొక్కలను పారేయొద్దు అంటున్నారు మామగారు. వానలు పడినాక తెలిసినోళ్ల తోటలో బేనీషా కొమ్మలు తెచ్చి వాటికే అంటు కట్టిస్తారంట. అంటే తిని పారేసిన టెంక మొలిస్తే వచ్చే మొక్కకు నేను 480 చొప్పున కట్టినా, అసలు పని మళ్లీ మా ఖర్చుతోనే. బిల్లు, మాట్లాడిన రికార్డింగు, ఫోటోలు అన్నీ ఉన్నాయి, ఇట్లే మోసపోయినోళ్లుంటే మెసేజ్ చెయ్యండి, అందరం కలిసి ఫిర్యాదు ఇస్తే కొంచెమైనా కదులుతుంది. ఈ పొద్దు కూడా లైవ్ పెట్టినాడు. ఆఫర్ ఆదివారం దాకా అంట.