బాత్రూమ్ పగలగొట్టించే ముందు ఇది చదవండి

కూకట్‌పల్లిలో మాది పదిహేడేళ్ల పాత ఫ్లాట్. వంటిల్లు, రెండు బాత్రూమ్‌లు కొత్తగా చేయించుకుందామని జనవరిలో ఒక కాంట్రాక్టర్‌కి పని అప్పజెప్పాం. మా తోడల్లుడి ఇంట్లో పెయింటింగ్ శుభ్రంగా చేశాడు కదా అన్న నమ్మకం. పెయింటింగ్ వేరు, బాత్రూమ్ వేరు అని అప్పుడు తట్టలేదు.

మెటీరియల్‌తో సహా 6,20,000 అన్నాడు. కొటేషన్ అంటే వాట్సాప్‌లో పది లైన్లు. సగం ముందే ఇస్తే సామాను దించేస్తానన్నాడు, 3,10,000 ఇచ్చాం. మొదటి వారం ఆరుగురు వచ్చి చకచకా అంతా పగలగొట్టేశారు. ఇక అక్కడి నుంచి మన జుట్టు వాళ్ల చేతిలోనే. ప్రతి శనివారం "సార్, లేబర్‌కి బట్వాడా ఇవ్వాలి" అని ఫోన్. అలా ఇంకో 1,75,000 పోయింది. ఇందులో 90,000 నగదు, రసీదు లేదు. తప్పు నాదే.

అసలు దెబ్బ బాత్రూమ్‌లో తగిలింది. పాత ఫ్లాట్లలో బాత్రూమ్ స్లాబ్ మిగతా గదుల కంటే కిందికి దిగి, గుంటలా ఉంటుంది. అందులో పాత చెత్తంతా తీసి, గోడల అంచుల దాకా వాటర్‌ఫ్రూఫ్ కోటింగ్ వేసి, అది ఆరాక పైపు మూతులు బిగించి నీళ్లు నిలబెట్టాలి. కనీసం ఒక రోజు, రెండు రోజులైతే మరీ మంచిది. కింది వాళ్ల సీలింగ్‌కి చెమ్మ రాలేదని చూసుకున్నాకే ఇటుక ముక్కలతో నింపి టైల్స్ వేయాలి. మావాడు పొద్దున ఒక్క కోటింగ్ కొట్టి, సాయంత్రానికే పగలగొట్టిన ముక్కలతో పూడ్చేశాడు. నేను ఆఫీసులో ఉన్నాను. ఏప్రిల్‌లో కింది ఫ్లాట్ ఆంటీ వచ్చి "బాబూ, ఒకసారి మా బెడ్‌రూమ్ చూడు" అన్నారు. సీలింగ్ మీద పళ్లెమంత మరక.

వంటింట్లో సింక్ కింద తలుపు అప్పటికే ఉబ్బింది. మెరైన్ ప్లై, అంటే నీళ్లకి తట్టుకునే ప్లైవుడ్ అని నోటితో చెప్పాడంతే. అసలైన షీటు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 710 అనే నంబరు ఉంటాయి. కోశాక ఆ ముద్ర కనిపించకపోవచ్చు, అందుకే కోయకముందే ఫొటో తీసుకోండి.

ఇప్పుడు అతను ఫోన్ ఎత్తడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, లాయర్ నోటీసు కూడా వెళ్లింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లలోపు వెళ్లాలి. మనం చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు ఉండదు. కానీ ఆ 90,000 ఇచ్చినట్టు ఏం చూపించాలో నాకే తెలియడం లేదు.

బాత్రూమ్ మళ్లీ పగలగొట్టాలి. కింది ఆంటీ సీలింగ్ ఖర్చు కూడా మాదే. మీరు పని మొదలుపెట్టబోతుంటే డబ్బులు పని అయినంత వరకే ఇవ్వండి. కోటింగ్ వేసే రోజు మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టి దగ్గరే కూర్చోండి.