కళింగపట్నమా, నౌపడా, ఉద్దానమా: సిక్కోలు తీరంలో సైకిల్‌కి ఏ దారి మేలు?

విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డులో తొక్కి అలవాటైనవాళ్లు శ్రీకాకుళం వస్తే మొదట అడిగేది ఒకటే: "ఇక్కడ సముద్రం పక్కన రోడ్డు ఎక్కడ?" అంత పొడుగు రోడ్డు మనకి లేదండీ. నాగావళి కళ్లేపల్లి దగ్గర, వంశధార కళింగపట్నం దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తాయి, మధ్యలో ఉప్పుటేర్లు, తంపర భూములు, అంటే నీళ్లు నిలిచే పల్లపు నేలలు. తీరం వెంబడి ఒకే రోడ్డు పట్టుకుని పోదామంటే ఏదో ఒక నీళ్లు అడ్డమొస్తాయి, మళ్లీ హైవే ఎక్కాల్సిందే. హైవే నుంచి ఒక్కో దారి దువ్వెన పళ్లలా సముద్రం దాకా దిగి అక్కడే ఆగిపోతుంది, సముద్రం కనబడేది ఆ చివర్లోనే. అందుకే నేను బీచ్ ఎలా ఉంటుందో పట్టించుకోను. దారి చూస్తాను, దారికంటే ముందు గాలి చూస్తాను.

గాలి సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే నేను అందులోనే దెబ్బతిన్నాను. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, ఏప్రిల్, మే నెలల్లో గాలి కూడా ఎక్కువగా అటునుంచి ఇటే వీస్తుంది. నేను మొదటిసారి కళింగపట్నం వెళ్లింది ఏప్రిల్లో. పోయేటప్పుడు గంటన్నర కూడా పట్టలేదు, నా కాళ్లలో ఇంత సత్తా ఉందా అని మురిసిపోయి, బీచ్‌లో బోండాం తాగుతూ పదిన్నర దాకా కూర్చున్నాను. తిరిగొచ్చేటప్పుడు తెలిసింది ఆ సత్తా ఎవరిదో. అదే దూరం, ఎదురుగాలి, నెత్తిన ఎండ, అన్నిటికంటే చిన్న గేరులో మూడు గంటలు. దారిలో పాత హీరో సైకిల్ మీద చేపల బుట్ట పెట్టుకున్న ఒక పెద్దాయన నన్ను దాటుకుని వెళ్లిపోయాడు, వెనక్కి కూడా చూడలేదు.

అయినా కొత్తవాళ్లకి నేను ముందు చెప్పేది కళింగపట్నం దారే. శ్రీకాకుళంలో చీకటితో బయల్దేరి అరసవల్లి, అక్కణ్ణుంచి శ్రీకూర్మం, గార, కళింగపట్నం, తిరిగి వచ్చేటప్పుడు నేరుగా సీఎస్పీ రోడ్డు. సీఎస్పీ అంటే కళింగపట్నం, శ్రీకాకుళం, పార్వతీపురం, ఇంగ్లీషులో కళింగపట్నానికి పాత స్పెల్లింగు సి తో ఉండేది, అదే మిగిలిపోయింది. అంతా కలిపి అరవై చిల్లర కిలోమీటర్లు వస్తుంది, చెప్పుకోదగ్గ ఎత్తు ఎక్కడా లేదు. ఆదివారాలు, రథసప్తమి రోజు మాత్రం అరసవల్లి వైపు పోకండి, ఆటోల మధ్య నడిపించుకుంటూ పోవాలి.

ఈ దారిలో గొప్పతనం ఏమిటంటే ఆగడానికి వంకలు ఎక్కువ. శ్రీకూర్మంలో స్వామి పడమర ముఖంగా ఉంటాడు, గుడికి ధ్వజస్తంభాలు రెండు, లోపల బతికున్న తాబేళ్లని పెంచుతారు. మన వేగానికి తగిన దేవుడే కదా అని నేను ప్రతిసారీ దణ్ణం పెట్టుకుంటాను. ఇంకాస్త పోతే శాలిహుండం కొండ. పైన ఇటుక స్తూపాల దగ్గర నిలబడితే కింద వంశధార, దూరంగా సముద్రం, రెండూ ఒకేసారి కనబడతాయి. 1919లో ఈ బౌద్ధ శిథిలాలని లోకానికి చూపించింది మన గిడుగు రామమూర్తి పంతులు గారేనని చాలామందికి తెలియదు, వాడుక భాష దగ్గరే ఆయన్ని ఆపేస్తాం. కొండ చిన్నదే గానీ ఆ ఎక్కుడు తొక్కుతూ పూర్తి చేయడం నాకు ఇప్పటికి రెండుసార్లే అయింది.

ఇబ్బంది ఒకటుంది, వరి కోతల కాలం. నవంబరు ఆఖరు నుంచి సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, కొన్ని చోట్ల చేను అలాగే తెచ్చి పరిచేస్తారు, బళ్లు తొక్కుతుంటే గింజ రాలుతుందని. అది వాళ్ల కళ్లం, మనమే చూసుకుని పోవాలి. ఒకసారి గడ్డి వెనక గేరులో చుట్టుకుని చైన్ కదలకుండా బిగుసుకుపోయింది. వేళ్లతో లాగుతుంటే తెగదు, పైగా కోసుకుంటుంది. పక్కన ధాన్యం ఎగదోస్తున్న అవ్వ వచ్చి చూసి, "ఏటి బాబూ, ఇంత డబ్బెట్టి కొన్నావు, గడ్డికే ఆగిపోనాదేటి?" అని నడుముకున్న కొడవలి తీసి పళ్లచక్రం సందులోంచి రెండు కోతలు కోసి పడేసింది. అప్పటినుంచి పంపు, ట్యూబుతో పాటు చిన్న చాకు కూడా పెట్టుకుంటున్నాను.

ఇక నౌపడ. టెక్కలి దాకా హైవే మీద తొక్కమని ఎవరికీ చెప్పను, యాభై కిలోమీటర్లు లారీల హారన్ వినడం తప్ప అందులో ఏమీ లేదు. సైకిల్ బండిలో వేసుకుని టెక్కలి వెళ్లి అక్కడ మొదలెట్టాలి. నౌపడ పది కిలోమీటర్ల లోపే, తరవాత తేలినీలాపురం, భావనపాడు తీరం. రోడ్డుకి అటూ ఇటూ ఉప్పు మడులు, తెల్లారే వేళ ఆకాశం మొత్తం మడుల్లోకి దిగి ఉంటుంది, ఆ పావుగంట కోసమే ఇంత దూరం వెళ్లొచ్చు. తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్టోబరు నుంచి వేసవి మొదలయ్యేదాకా చింతచెట్ల మీద గూళ్లు పెట్టుకుని ఉంటాయి. ఊళ్లోవాళ్లు వాటిని ఇంటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, అక్కడ బెల్లు కొట్టుకుంటూ పోయారంటే చీవాట్లు తప్పవు.

కానీ నీడ లేదు. ఒక్క చెట్టు లేని చోట్ల గాలి అడ్డంగా కొడితే సైకిల్ పక్కకి జరిగిపోతుంది. 2023లో మూలపేట పోర్టు పనులు మొదలయ్యాక టిప్పర్లు కూడా తోడయ్యాయి. అందుకని డిసెంబరు, జనవరి, అదీ ఎనిమిదింటికల్లా ముగించేట్టయితేనే నౌపడ. ఇంటికొచ్చాక చైన్ తుడిచి నూనె వేయకపోతే వారంలో తుప్పు, ఆ గాలిలో ఉప్పు అంతుంటుంది.

విజయనగరం వాళ్లు అడుగుతారు కాబట్టి ఒక మాట. నెల్లిమర్ల, రామతీర్థం, పూసపాటిరేగ మీదుగా కోనాడ వెళ్లే దారి బాగుంటుంది, చంపావతి నెల్లిమర్ల దగ్గర ఒకసారి కనబడి కోనాడ దగ్గర సముద్రంలో కలిసేటప్పుడు మళ్లీ కనబడుతుంది. మిట్టపల్లాలు కావాలనుకునేవాళ్లకి సరదాగానే ఉంటుంది. అయితే మధ్యలో హైవే దాటడం ఉంది, చిన్నపిల్లలతో వద్దు.

నా మనసుకి నచ్చింది మాత్రం ఉద్దానం, అంటే సోంపేట, కవిటి చుట్టుపక్కల ఉన్న తోటల సీమ. మొదటిసారి వెళ్లేవాళ్లకి దూరాభారంగా అనిపిస్తుంది గానీ రైలు ఉంది కదా. సోంపేట స్టేషను నిజానికి కంచిలిలో ఉంటుంది, అక్కడ దిగి సోంపేట, బారువ, కవిటి, ఇచ్ఛాపురం, మొత్తం యాభై లోపే. ఇచ్ఛాపురంలోనూ స్టేషనుంది, అంటే తిరిగి తొక్కుకుంటూ రానక్కర్లేదు. ఇక్కడే కిటుకు: వేసవిలో కంచిలిలో దిగి పైకి, శీతాకాలంలో ఇచ్ఛాపురంలో దిగి కిందికి తొక్కితే గాలి చాలావరకు మన వెనకే ఉంటుంది. సైకిల్‌ని రైల్లో వేయడానికి లగేజీ బుకింగ్ ఉంటుంది, ముందురోజే కనుక్కోండి. ఒక స్టేషన్లో గుమస్తా నన్ను అరగంట నిలబెట్టి, రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చాక రసీదు రాశాడు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే.

దారి పొడుగునా కొబ్బరి, జీడి, పనస. తొమ్మిదైనా ఎండ ముక్కలు ముక్కలుగానే పడుతుంది. పడమటి వైపు మహేంద్రగిరి, 1,501 మీటర్లు, చెట్ల సందుల్లోంచి కనబడుతూ మాయమవుతూ వస్తుంది, ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయే బారువలో మన చక్రాల పక్కన సముద్రంలో కలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఈ తోటలు ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లకి, పాత చెట్ల మధ్య ఆకులు విప్పుకున్న కుర్ర కొబ్బరి చెట్లు ఎందుకంత ఉన్నాయో చెప్పనక్కర్లేదు. తోటల మధ్య సందు రోడ్లు ఎక్కువ, దారి తప్పడం ఖాయం. అడిగితే తెలుగులో సగం, ఒడియాలో సగం చెబుతారు, చెయ్యి చూపించిన వైపు పోతే సరిపోతుంది. నీళ్లు వెంట తెచ్చుకోండి, లేదా బోండాలున్నాయి. జీడితోటల పక్కన పల్లేరుకాయలుంటాయి, సన్న టైర్లతో వెళ్తే రెండు ట్యూబులు పట్టుకెళ్లండి, నాకు ఒకే రోజు మూడు పంచర్లు పడ్డాయి.

కాబట్టి పూట మాత్రమే ఖాళీ ఉంటే, లేదా ఇంట్లోవాళ్లు స్కూటర్ మీద వెనకే వచ్చి గుడి చూసుకుంటామంటే కళింగపట్నం. కెమెరా ఉంటే నౌపడ. ఒక రోజంతా దొరికి, పక్కన మాట్లాడకుండా తొక్కే స్నేహితుడు ఒకడుంటే ఉద్దానం. నాకు ఆ స్నేహితుడు దొరికాడు గానీ వాడికి శనివారాలు సెలవు లేదు, అందుకే ఈ ఏడాది ఇప్పటికి నాలుగుసార్లూ కళింగపట్నమే అయింది.