గుత్తి కోట గైడ్‌తో ఎక్కినాము, ఎట్లుందో చెప్తా

పోయిన ఆదివారం గుత్తి కోటకి గైడ్‌ని పెట్టుకుని పోయొచ్చినాము. మాది అనంతపురమే, గుత్తికి యాభై కిలోమీటర్లు. హైవే మీద కర్నూలు పోయే ప్రతిసారీ ఆ కొండ, దాని చుట్టూ తిరిగిన గోడలు కనపడతానే ఉంటాయి, ఎప్పుడన్నా ఎక్కాలబ్బా అనుకుంటానే పోతాంటిమి, ఇన్నేళ్లూ అంతే జరిగింది. ఈసారి మమ్మల్ని బయల్దేరదీసింది మా చిన్నాయన. ఆయన గుత్తిలో రైలింజన్లు బాగుచేసే డీజిల్ షెడ్‌లో ముప్పై ఏండ్లు పని చేసి రిటైర్ అయినాడు, దినామూ డ్యూటీకి పోతా వస్తా కోటని చూసినాడు గానీ పైకి మాత్రం ఎన్నడూ పోలేదంట. "మోకాళ్లు పూర్తిగా పోకముందే ఒకసారి చూపియ్యమ్మా" అన్నాడు, ఆ మాట విన్నాక ఇంగ ఎట్ల ఆగుతాము. నేను, మాయన, ఎనిమిదో తరగతి చదివే మా పిల్లోడు, చిన్నాయన, నలుగురం పోయినాము.

గైడ్ ఆ ఊరి పిల్లోడే, డిగ్రీ అయిపోయింది, ఆదివారాలు ఇట్ల తీసుకపోతాడు. తలకి 250, పిల్లలకి 150, ఫోన్‌పే చేస్తే సరిపోతుంది. నీళ్లు, తిండి ఏమీ ఇయ్యరు, మనమే తీసుకపోవాల, అది ముందే చెప్పినాడు. పొద్దున ఆరింటికి కొండ కింద ఉండమన్నాడు, మేము ఐదున్నరకే చేరి బస్టాండ్ దగ్గర ఉగ్గాణి బజ్జీ తిని పోయినాము. అయితే బెంగళూరు నుంచి ఎవరో వస్తున్నారని, వాళ్ల కోసం అని ఏడు దాటేదాకా కూర్చోబెట్టినాడు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. అనంతపురం జిల్లా ఎండ సంగతి తెలిసిన పిల్లోడు పెద్దాయన్ని పెట్టుకుని ఉండే వాళ్లని గంట సేపు ఆపకూడదు, ఆ గంటే పైన మాకు చాలా కష్టమయింది. వాళ్లు వచ్చినాక మొత్తం పద్నాలుగు మంది అయినారు, ఒక్క గైడ్‌కి అది ఎక్కువ, వెనకున్న వాళ్లకి సగం మాటలు వినపడవు.

ఇంత కోపంతో మొదలుపెట్టినదాన్ని రెండో వాకిలి దాటేలోపే మొత్తం మర్చిపోయినా, ఎందుకంటే ఆ పిల్లోడు చెప్పడం అట్లుంది. రాజుల పేర్లతో మొదలుపెట్టలేదు. దారి పక్కన ఒక గుండు దగ్గర ఆపి మా పిల్లోని చేయి పట్టుకుని రాతి మీద పెట్టించినాడు. వరసగా చిన్న చిన్న గుంతలు, వేలు పట్టేంత, జానెడుకి మూడో నాలుగో ఉంటాయి. ఉలితో ఆ గుంతలు కొట్టి రాయిని చీల్చేవాళ్లంట, పక్కనుండే గోడలో రాళ్లు చూస్తే వాటి అంచున కూడా అవే సగం సగం గుంతలు. అంటే ఆ గోడ ఈ గుండులోంచే వచ్చింది! మా పిల్లోడు ఆ తర్వాత దారంతా ప్రతి రాయికీ అంచులు తడుముకుంటానే ఎక్కినాడు. గైడ్ లేకుండా వచ్చింటే మేము ఆ గుండుకి ఆనుకుని ఫోటో దిగి పోయేవాళ్లం.

కోటంటే ఒక్క గోడ కాదు, ఒకదాని పైన ఒకటి పదిహేను కోటలు, పదిహేను వాకిళ్లు అంటారు. ప్రతి వాకిలి దగ్గరా దారి నేరుగా పోదు, మలుపు తిరుగుతుంది, ఏనుగు పరిగెత్తుకొచ్చి తలుపుని కుమ్మేదానికి జాగా లేకుండా అట్ల కట్టినారని చెప్పినాడు. పైన నరసింహస్వామి గుడి కాడ రాతి మీద శాసనాలు ఉన్నాయి. చాళుక్యుల ఆరో విక్రమాదిత్యుని కాలం నాటి కన్నడ శాసనాలు కూడా ఈ కోటలో ఉన్నాయి, ఆ తర్వాత విజయనగరం బుక్కరాయల కాలం శాసనంలో దీన్ని కోటల్లో రాజు అన్నారంట. మా గుత్తిని ఎప్పుడో ఏడొందల ఏండ్ల కింద రాయి మీద అట్ల పొగిడినారని విని చిన్నాయన ఆ అక్షరాల కాడ చానాసేపు నిలబడినాడు, చదవలేకపోయినా.

కానీ ఈ గైడ్ పిల్లోని అసలు కథ నీళ్లది. నూటెనిమిది బావులు ఉండేవంటారు పైన, అన్నీ మేము చూడలేదు గానీ చూసినవాటిల్లో ఒకదాని కాడ అందర్నీ కూర్చోబెట్టి చెప్పినాడు. మెట్లు దిగి కిందికి చూస్తే పచ్చగా నాచు పట్టిన నీళ్లు, అడుగున ఏముందో కనపడదు, ఒక గులకరాయి వేసినాడు, నాచు పక్కకి జరిగి నల్లటి నీళ్లు ఒక్క క్షణం కనపడి మళ్లా మూసుకపోయింది. "అక్కా, ఇంత కొండ మీద ఊట ఏముంటాది, వాన పడితే ఆ రాళ్ల మీద జారే ప్రతి చుక్కనీ ఇట్ల తిప్పుకున్నారు" అని రాతిలో చెక్కిన సన్నకాలువ చూపించినాడు. మనది దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి, అట్లాంటిచోట కొండ నెత్తిన ఒక సైన్యాన్ని బతికించినారు.

మురారిరావు ఘోర్పడే కథ కూడా ఆ బావి గట్టు మీదే చెప్పినాడు. గుత్తిని ఏలిన మరాఠా సర్దారు, 1751లో ఆర్కాటు ముట్టడిలో ఇంగ్లీషోళ్ల సేనాని క్లైవ్‌కి సాయంగా సైన్యాన్ని నడిపించినాయన. హైదర్ అలీ వచ్చి కోటని చుట్టుకుంటే నెలల తరబడి లొంగలేదు. చివరికి నీళ్లు అయిపోయినాయి. సంధి మాటలు నడిచేటప్పుడు, తాకట్టుగా పోయిన ఒక కుర్రోని నోటి నుంచి పైన ఇంగ మూడు దినాలకే నీళ్లున్నాయనే సంగతి జారిపోయిందంట, అది తెలిసినాక హైదర్ ఇంగ ఎందుకు తొందరపడతాడు. 1776లో కోట పోయింది, మురారిరావుని ఇప్పటి కర్ణాటకలో ఉండే కబ్బాలదుర్గంలో ఖైదులో పెట్టినారు, అక్కడే పోయినాడు. నెలల తరబడి వంగని కోట నీళ్లు లేక వంగింది. ఆ మాట వింటా ఆ పచ్చని నీళ్లని చూస్తాంటే నాకు గొంతు పట్టుకుంది, మా ఇంట్లో ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని నిలబడిన ఎండాకాలాలు గుర్తొచ్చినాయి.

ఇక్కడే ఒక బాధ కూడా చెప్పాల. అదే బావిలో వాటర్ బాటిళ్లు, చిప్స్ కవర్లు తేలుతున్నాయి. గోడల మీద పెయింట్‌తో పేర్లు, గుండెబొమ్మలు. ఒకచోట మండపం అడుగున నిధి ఉందని ఎవరో తవ్వేసి పోయిన గుంత, పలకలు పక్కకి పడేసి ఉన్నాయి. గైడ్ పిల్లోడు దిగేటప్పుడు ఒక గోతం తీసి దొరికిన బాటిళ్లన్నీ ఏరుకుంటా వచ్చినాడు, ఎవర్నీ అడగలేదు, మా పిల్లోడు తనంతట తానే పోయి ఏరినాడు. ఈ ఒక్క పనికే ఆ 250 ఇయ్యొచ్చు అనిపించింది నాకు.

పైన వ్యాయామశాల అనే కట్టడం, ధాన్యం పెట్టే గదులు త్వరగా చూపించేసినాడు, అప్పటికే ఎండ ముదిరింది. చివరికి మురారిరావు గద్దె అనే చిన్న రాతిమండపం, కొండ అంచునే ఉంటుంది. అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడంట, పక్క బండ మీంచి ఖైదీలని తోసేది చూసేవాడంట, అట్ల చెప్పుకుంటారు. చిన్న పిల్లలుంటే చేయి వదలొద్దు, అంచుకి రెయిలింగ్ ఏమీ లేదు. చిన్నాయన రెండు చోట్ల ఆగి, మాయన భుజం పట్టుకుని మొత్తానికి అక్కడిదాకా వచ్చినాడు. గైడ్ తొందరపెట్టలేదు, పద్నాలుగు మందినీ ఆపి ఆయన కోసం నిలబడినాడు, ఆరింటికి రమ్మని ఏడింటిదాకా ఆపినదానికి ఇక్కడ చెల్లు వేసుకున్నా నేను.

కింద కొండ మొదట్లో ఇంగ్లీషోళ్ల సమాధులు ఉన్నాయి, అది మాత్రం ఐదు నిముషాల్లో చుట్టేసినాడు, నాకు నచ్చలేదు. థామస్ మన్రో దొర సంగతి దత్తమండలంలో, అంటే మన రాయలసీమలో పుట్టినోళ్లకి తెలియాల్సిందే కదా. 1800 నుంచి 1807 దాకా మన సీమకి పెద్ద కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు అయి, 1827 జులైలో పత్తికొండలో కలరా వచ్చి పోతే ఇక్కడికే తెచ్చి పూడ్చినారు, 1831లో మద్రాసు కోటలోని చర్చికి తీసుకపోయినారు. ఇది కూడా నీళ్ల కథే, కలరా అంటే పాడు నీళ్లే కదా, ఆ పిల్లోడు దీన్ని కూడా బావి కథతో కలిపి చెప్పింటే ఎంత బాగుండేది. దిగినాక ఆ మాట అన్నా, నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు.

పోవాలనుకునేవాళ్లకి: నవంబర్ నుంచి జనవరి మధ్య పోండి, తలకి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి, బూట్లు వేసుకోండి, కొన్నిచోట్ల రాళ్లు నున్నగా అరిగి జారతాయి. నింపాదిగా ఎక్కితే గంటన్నర పడుతుంది. పైన బాత్‌రూమ్‌లు లేవు, ఆడవాళ్లు కిందే చూసుకుని ఎక్కండి. గుంపు ఎంతమందో ముందే అడగండి, పది దాటితే వేరే ఆదివారం పోండి. గైడ్ కోసం కొండ కింద వీధిలో ఎవర్ని అడిగినా చెప్తారు.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. చిన్నాయన అయితే ఐదు ఇయ్యమంటాడు. ఆ గద్దె కాడ కూర్చుని, కింద అగ్గిపెట్టె అంత కనపడే డీజిల్ షెడ్‌ని వేలు పెట్టి మా పిల్లోనికి చూపిస్తా, తన డ్యూటీ ఏ పక్కనో, ఇంజన్ ఏ లైన్‌లోంచి బయటికి తీసేవాళ్లో అరగంట చెప్పినాడు, గైడ్ కూడా పక్కన కూర్చుని విన్నాడు.