అండమాన్ యాత్ర: టికెట్టు మీద కనపడని ఖర్చు

“అండమాన్ దీవుల మీద ప్రభుత్వానికి అంత ఖర్చెందుకు?” అనే వాళ్లు విశాఖ ఓడ టికెట్టు చూడాలి. విశాఖ నుంచి దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) సుమారు 1,200 కిలోమీటర్ల దూరం, రెండున్నర రోజుల ప్రయాణం. అయినా అన్నిటికన్నా చవకైన బంకు క్లాసు ఛార్జీ విమానంతో పోలిస్తే చాలా తక్కువ. మిగతాది ఖజానా భరిస్తోంది. ఓడ దాదాపు నెలకొకటే, దాని తేదీ కూడా మారుతుంటుంది. అందుకని వెళ్లేటప్పుడు ఓడ, తిరిగొచ్చేటప్పుడు విమానం పెట్టుకోవడం మేలు. సెలవు తక్కువుంటే రెండుసార్లూ విమానమే.

పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్ దీవికి (స్వరాజ్ ద్వీప్) ప్రైవేటు పడవ గంటన్నరలో చేరుస్తుంది. ప్రభుత్వ ఫెర్రీకి రెండు గంటలు దాటుతుంది, ఛార్జీ మాత్రం బాగా తక్కువ. అందులో సీట్లు ముందు దీవులవాళ్లకే దక్కుతాయి. అది న్యాయమే, ఆసుపత్రికైనా కాలేజీకైనా వాళ్ల ఆర్టీసీ బస్సు అదే. చాలామంది చేసే తప్పు, పొద్దున ఫెర్రీ ఎక్కి మధ్యాహ్నం విమానం అందుకోవాలనుకోవడం. గాలి లేచిందంటే ఏ పడవా కదలదు. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. చలికాలంలో ఐదున్నరకల్లా చీకటి పడుతుంది కాబట్టి తిరుగుళ్లన్నీ తెల్లవారుజామునే మొదలుపెట్టాలి.

బస ఖరీదెక్కువ. సిమెంటు, ఉల్లిపాయలు, డీజిలు అన్నీ ఓడలోనే రావాలి, కరెంటు ఎక్కువగా ఆ డీజిలుతోనే పుడుతుంది. ఏటా 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో ఏప్రిల్ వచ్చేసరికి నీళ్లకు కటకట! గది బుక్ చేసే ముందు రెండు సంగతులు అడగాలి: జనరేటర్ రాత్రంతా నడుస్తుందా, నీళ్లు ట్యాంకర్‌తో తెప్పిస్తారా. ఆర్భాటం అక్కర్లేనివాళ్లకు హావ్‌లాక్ కన్నా నీల్ (షహీద్ ద్వీప్) నయం.

ఇంటర్నెట్ మెరుగుపడింది. 2020లో చెన్నై నుంచి వేసిన 2,312 కిలోమీటర్ల సముద్రపు కేబుల్‌కు దాదాపు 1,224 కోట్లయింది. దీవుల మీద పెట్టిన డబ్బులో ఇంత సూటిగా జనానికి అందినది అరుదు.

సెల్యులర్ జైలు తెలుగువాళ్లు తప్పక చూడాలి. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొరను అండమాన్‌కే పంపారు. బారాటాంగ్ దీవికి వెళ్లే దారి జారవా ఆదివాసుల అడవి గుండా పోతుంది. కాన్వాయ్‌లోనే వెళ్లాలి, ఆగకూడదు, ఫొటో తీయడం నేరం. మనుషుల్ని చూడ్డానికైతే ఆ దారి పట్టనే వద్దు.

ఇక దేశానికొచ్చే లాభం సముద్రంలో ఉంది. సముద్రంలో చేపలు, ఖనిజాల మీద మనకే హక్కున్న ప్రాంతం, అంటే మన ప్రత్యేక ఆర్థిక మండలంలో నాలుగో వంతుకు పైగా ఈ దీవుల చుట్టూనే ఉంది. ఓడల రద్దీ ఎక్కువుండే మలక్కా జలసంధి దారి మీద కన్నేసి ఉంచే త్రివిధ దళాల కమాండ్ 2001లో ఇక్కడే ఏర్పడింది. అయితే లెదర్‌బ్యాక్ సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే గలాథియా తీరంలో, షోంపెన్ ఆదివాసుల దీవి గ్రేట్ నికోబార్‌లో, మొదట 72,000 కోట్లు అంచనా వేసిన ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ పథకాన్ని కూడా ఈ లాభం లెక్కలోనే చూపడం ఒప్పుకోదగ్గది కాదు. ఆ డబ్బులో చిన్న వాటా పెట్టినా పాత జెట్టీలు, నీళ్ల పైపులు బాగుపడతాయి.

2011 జనాభా లెక్కల్లో ఇక్కడ నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. ఇంటి పెళ్లికో చావుకో వాళ్లు చూసేది విశాఖ ఓడ తేదీనే.