హిట్ సింగిల్‌కి ఏ బీట్ మేలు: శాంపిలా, రీప్లేనా, సొంతమా?

ర్యాప్ రాసుకుని ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. మొదటి సింగిల్‌కి పాత రికార్డు ముక్కను శాంపిల్ చేయాలా, ఆ ట్యూన్‌నే మళ్లీ వాయించుకోవాలా, బీట్ (మాటల వెనక నడిచే సంగీతం) మొత్తం కొత్తగా కట్టుకోవాలా? వినడానికి ఏది బాగుందో చెవే చెబుతుంది. నేను చూసేది మాత్రం వేరు: పాట హిట్టయిన రోజున దాన్ని ఆపగలిగే వాళ్లు ఎందరు?

ధ్వనిలో శాంపిల్‌కి సాటి లేదు. పాత టేపు గరుకు, ఆ స్టూడియో గది మోత, ఆ డ్రమ్మర్ ఊపు ఏ సాఫ్ట్‌వేర్ ప్లగిన్‌లోనూ దొరకవు. కానీ అందులో రెండు హక్కులుంటాయి. రికార్డింగ్ హక్కు ఒకరిది, పాట రచన హక్కు ఇంకొకరిది. ఎవరు కాదన్నా మీ పాట ఆగినట్టే. 1991లో గిల్బర్ట్ ఓసల్లివన్ పాటను అనుమతి లేకుండా వాడిన కేసులో ర్యాపర్ బిజ్ మార్కీ ట్రాక్ అమ్మకాన్ని న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఆపేసింది. క్లియరెన్స్ (హక్కుదారుల అనుమతి) లేని శాంపిల్ అంటే లేబుళ్లు జంకడం అప్పటినుంచే. 1997లో పఫ్ డాడీ ‘ఐల్ బీ మిస్సింగ్ యూ’ అమెరికాలో 11 వారాలు నంబర్ వన్‌గా నిలిచింది. అందులో శాంపిల్ చేసింది ‘ది పోలీస్’ బృందం పాట ‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’. అందరూ గుర్తుపట్టే ఆ గిటార్ వాయించింది ఆ బృందంలోని ఆండీ సమ్మర్స్. అయినా అసలు పాటకు రచయితగా ఉన్నది అదే బృందంలోని స్టింగ్ ఒక్కడే కాబట్టి రచన హక్కు సొమ్ము ఆయనకే వెళ్లింది.

రీప్లేలో, అంటే ట్యూన్‌ను మళ్లీ వాయించుకుంటే, రికార్డింగ్ హక్కు గొడవ తప్పుతుంది. శ్రుతి, వేగం, బేస్ మీ ఇష్టం. 1992 ‘ది క్రానిక్’ ఆల్బమ్‌లో డాక్టర్ డ్రే వాద్యకారులను కూర్చోబెట్టి పాత ఫంక్ ట్యూన్లను మళ్లీ వాయించుకున్నాడు. అయితే రచన హక్కు అలాగే ఉంటుంది. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ ‘ర్యాపర్స్ డిలైట్’కి షీక్ బృందం ‘గుడ్ టైమ్స్’ బేస్‌లైన్‌ను స్టూడియోలో మళ్లీ వాయించారు. ఆ పాట రాసిన నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ అభ్యంతరం చెప్పాక వాళ్లను రచయితలుగా చేర్చక తప్పలేదు. 1995లో కూలియో ‘గ్యాంగ్‌స్టాస్ ప్యారడైజ్’ కూడా స్టీవీ వండర్ 1976 పాట మీదే నిలబడింది. బూతులు తీసేస్తేనే ఒప్పుకుంటానన్నాడు వండర్. ఆ షరతు పాటకు మేలే చేసిందని నేను గట్టిగా నమ్ముతాను. లేబుల్ అండ, అడిగితే పలికే పబ్లిషర్ (పాట రచన హక్కులు చూసే సంస్థ) ఉన్నవాళ్లకు ఇది మంచి దారి.

ఆన్‌లైన్‌లో కొనే రెడీమేడ్ బీట్ గురించి ఒక్క మాట: లిల్ నాస్ ఎక్స్ 30 డాలర్లకు కొన్న బీట్‌తోనే ‘ఓల్డ్ టౌన్ రోడ్’ 2019లో 19 వారాలు నంబర్ వన్‌గా ఉంది. కానీ ఆ బీట్‌లో రాక్ బృందం నైన్ ఇంచ్ నెయిల్స్ శాంపిల్ ఉంది, దాని రచయితలకు క్రెడిట్ ఇవ్వాల్సి వచ్చింది. అందుకే కొనేముందు లోపల శాంపిల్ ఉందా అని అడగండి.

కొత్తవాళ్లకైతే నా ఓటు సొంత బీట్‌కే. పేరు లేని ర్యాపర్ ఉత్తరానికి పెద్ద పబ్లిషర్ జవాబివ్వడమే అరుదు. పైగా సొంత బీట్‌కి వాద్యాల గుంపు అక్కర్లేదు. 2004లో ‘డ్రాప్ ఇట్ లైక్ ఇట్స్ హాట్’కి నిర్మాతల జంట నెప్ట్యూన్స్ నాలుక చప్పుళ్లూ కాసిన్ని డ్రమ్ములతో కట్టిన బీటే స్నూప్ డాగ్‌కి మొదటి నంబర్ వన్ ఇచ్చింది. ఎమినెమ్ ‘లూజ్ యువర్‌సెల్ఫ్’ని చూడండి. జెఫ్ బాస్, లూయిస్ రెస్టోలతో కలిసి కొత్తగా కట్టిన పాట అది. 12 వారాలు నంబర్ వన్, 2003లో ఆస్కార్. ఒక రాజకీయ పార్టీ ఎన్నికల ప్రకటనలో దాన్ని పోలిన ట్యూన్ వాడితే, 2017లో న్యూజిలాండ్ హైకోర్టు హక్కుదారులకే న్యాయం చేసింది. సొంతంగా కట్టుకుంటే అనుమతి కోసం మీరు తిరగడం కాదు, అవతలివాళ్లే మీ దగ్గరికి రావాలి.

కానీ ఇక్కడా ఒక పని ఉంది. బీట్ కట్టినవాళ్లు, హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) పాడినవాళ్లు, రాసినవాళ్లలో ఎవరి వాటా ఎంతో రికార్డింగ్ అయిన రోజే కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి.