పెంకుటింటి అటకకు సోలార్ ఫ్యాన్: మూడు ఎండాకాలాలు వాడాక

మాది పరకాల దగ్గర పల్లె, తాత కట్టిన బెంగళూరు పెంకుల ఇల్లు. గదుల మీద టేకు చెక్కల అటక, అందులో ఇత్తడి బిందెలు, గుండిగలు, విత్తనాల మూటలు. ఏప్రిల్ వచ్చిందంటే నిచ్చెన ఎక్కి తల లోపల పెట్టగానే ముఖానికి సెగ కొట్టేది. ఆ సెగంతా కింద అమ్మ పడుకునే గదిలోకి దిగి రాత్రి పదకొండైనా పోయేది కాదు. అందుకే 2023 మార్చిలో సోలార్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ తెచ్చి పడమటి గోడ కొసకు, పెంకుల కిందనే బిగించాం. 20 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల ఫ్యాన్, బ్యాటరీ లేదు. ఎండ ఉంటే తిరుగుతుంది, లేకుంటే ఆగుతుంది.

మొదటి నెల నిజంగా బాధేసింది. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, అటకలో వేడి మాత్రం అట్లనే ఉంది. మధ్యాహ్నం మూడింటికి థర్మామీటర్ 53 చూపించేది, ఫ్యాన్ పెట్టాక 51. అసలు సంగతి బాపు పట్టుకున్నాడు. ఊదుబత్తి వెలిగించి ఫ్యాన్ పక్కన పెంకుల సందుల దగ్గర పట్టుకుంటే, ఆ సందుల్లోంచే గాలి లోపలికి వచ్చి జానెడు దూరం కూడా పోకుండా మళ్లీ ఫ్యాన్‌లోకే పోతోంది. "అవతలి దిక్కు నుంచి గాలి రావాలె గదరా, ఇది ఈడనే తిరుగుతుంది" అన్నాడు. తూర్పు గోడలో, అటక చెక్కలకు జానెడు పైన మూడు కన్నాలు కొట్టించి, ఎలుకలూ ఉడతలూ దూరకుండా ఇనుప జాలీ వేశాం, ఫ్యాన్ చుట్టూ ఉన్న సందులన్నీ సిమెంటుతో పూడ్చాం. మర్నాడు ఊదుబత్తి ఆ కన్నం ముందు పెడితే పొగ దారంలా సాగి లోపలికి పోయింది! ఆ వారంలోనే అదే మూడింటికి 46కు దిగింది. బయట 43 ఉన్న రోజు అంతకంటే తగ్గాలని ఆశపడొద్దు, అది తెచ్చేది ఆ బయటి గాలినే.

కింద గదిలో పగలు రెండు డిగ్రీలే తేడా. రాత్రి మాత్రం తొమ్మిదిన్నరకల్లా అమ్మ హాయిగా పడుకుంటోంది, నాకు అది చాలు. ఇంకో లాభం అనుకోకుండా దొరికింది: పగలు కూలర్ వేసినప్పుడు అటక తలుపు బెత్తెడు తెరిచి పెడితే గదిలో నిలిచే తేమ గాలి పైకి పోతుంది, ఒళ్లు జిడ్డుగా ఉండటం తగ్గింది.

ప్యానెల్‌ను దక్షిణం వైపు, సుమారు 18 డిగ్రీల వాలుతో పెట్టండి, మన వరంగల్ వైపు అది సరిపోతుంది. మాకు రెండు దాటాక వేపచెట్టు కొమ్మ నీడ ఒక మూల మీద పడేది, ఆ కాస్త నీడకే ఫ్యాన్ వేగం సగానికి పడిపోయేది, ఎందుకంటే లోపల సెల్స్ అన్నీ వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. కొమ్మ కొట్టించాం. పదిహేను రోజులకోసారి పొద్దున్నే, ప్యానెల్ వేడెక్కకముందే, దుమ్ము కడుగుతాను. కోతులు రెండుసార్లు వైరు పీకేశాయి, ఇప్పుడు అది ఇనుప పైపులో ఉంది.

మొదటి మోటారు బ్రష్‌లది, అంటే తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే కార్బన్ ముక్కలు ఉన్నది. రెండో ఏడు వానాకాలంలో కీచుమని అరిచి ఆగిపోయింది. అమ్మిన దుకాణానికి గ్యారంటీ కార్డు పట్టుకొని నాలుగుసార్లు తిరిగినా పని కాలేదు, చాలా కోపం వచ్చింది. తర్వాత ఆ బ్రష్‌లు లేని మోటారు, బీఎల్‌డీసీ అంటారు, ఆ ఫ్యాన్ వేశాను, ఇంతవరకు చప్పుడు లేదు. కొనేటప్పుడు వోల్టేజీని 12 దగ్గర ఆపే రెగ్యులేటర్ ఉందా అని తప్పకుండా అడగండి, పేరుకు 12 వోల్టుల ప్యానెలే అయినా మంచి ఎండలో 17, 18 వోల్టులు ఇస్తుంది, అది నేరుగా తగిలితే మోటారు ఎక్కువ రోజులు బతకదు.

పెంకుల నుంచి దిగే సెగను మాత్రం ఏ ఫ్యానూ ఆపలేదు. దానికి ఎండను తిప్పికొట్టే తెలుపు పైన కావాలి. 2023లోనే మన తెలంగాణ రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ, అంటే ఇంటి కప్పులు వేడెక్కకుండా చూసే విధానం, తెచ్చింది కూడా ఇందుకే. మేము పోయిన ఫిబ్రవరిలో పెంకుల మీద రెండు పూతలు సున్నం వేశాం, అటకలో ఇంకో రెండు డిగ్రీలు తగ్గింది.

ఈ మార్చిలో బర్రెల కొట్టానికి, రేకుల కింద ఇంకో ఫ్యాన్ బిగిస్తున్నాం. ఈసారి ముందు గాలి వచ్చే కన్నాలు కొట్టించాం, ఫ్యాన్ ఇంకా కొనలేదు.